కారులో కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయా? లీకును ఇలా పట్టుకోండి

డ్రైవరు పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చూస్తే కింద కార్పెట్ తడిగా తగిలింది. ఆరబెట్టారు. వారం తిరక్కుండానే మళ్లీ తడిసింది. ఇక ఒక సీలెంట్ ట్యూబు కొనుక్కొచ్చి కనిపించిన సందులన్నిటికీ పూసేద్దామనిపిస్తుంది. ఆ ట్యూబు జోలికి ఇప్పుడే వెళ్లకండి. నీరు పల్లమెరుగు అన్నారు. కారు లోపల కాళ్లు పెట్టుకునే గుంతే అన్నిటికంటే పల్లం. పైకప్పు మూలలో దూరిన చుక్కయినా, ముందు అద్దం అంచున జారిన చుక్కయినా, ఏసీ డబ్బాలోంచి పొంగిన నీరైనా చివరికి చేరేది అక్కడికే. నీరు దూరిన చోటుకూ తడి తేలిన చోటుకూ మధ్య మూడు నాలుగు అడుగుల దూరం ఉండటం మామూలే. తడి చూసి అక్కడే సీలెంట్ పూస్తే పుండొక చోట, మందొక చోట.

ఈ వెతుకులాటకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. టార్చిలైటు, తెల్లటి టిష్యూ కాగితాలు, పాత తువ్వాళ్లు, మొక్కలకు నీళ్లు పెట్టే పైపు, స్క్రూడ్రైవర్లు, కాస్త టాల్కం పౌడరు, మీరు బయట నీళ్లు పడుతుంటే లోపల కూర్చుని కదలకుండా చూసే ఓపికగల మనిషి ఒకరు చాలు. వీటన్నిటిలో దొరకడం కష్టమయ్యేది ఆ మనిషే.

అది ఏ నీరు?

మొదట సీటు కింద చెయ్యి పెట్టి, మూత వదులైన నీళ్ల సీసా ఏదైనా దొర్లుతోందేమో చూడండి. నవ్వకండి, దీనికోసం డ్యాష్‌బోర్డు విప్పించుకున్నవాళ్లూ ఉంటారు.

సీసా లేదని తేలాక తెల్లటి టిష్యూ తీసుకుని తడి మీద గట్టిగా అదమండి. టిష్యూకు రంగు అంటకుండా, వాసన లేకుండా ఉంటే అది వాననీరో ఏసీ నీరో అయి ఉంటుంది. బురద మరకలు, సన్నటి ఇసుక కనిపిస్తే బయటి నుంచి వచ్చిన నీరే. వేళ్లకు జిగటగా తగిలి, కొంచెం తియ్యటి వాసన వేసి, ఆకుపచ్చో గులాబీయో నారింజో రంగు అంటితే అది నీరు కాదు, ఇంజన్ను చల్లబరిచే కూలెంట్. చాలా రకాల కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం. నాలుకకు తగలనివ్వకండి, చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ కార్పెట్‌ను పిల్లలకూ పెంపుడు జంతువులకూ దూరంగా ఉంచండి. మీది ఈ కేసే అయితే మధ్యలోవి వదిలేసి హీటర్ గురించి చెప్పిన భాగానికి వెళ్లిపోండి.

ఎప్పుడు తడుస్తోంది?

ఎక్కడ కారుతోందని అడిగే ముందు ఎప్పుడు కారుతోందని అడగాలి. సగం కేసులు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతాయని నా నమ్మకం. రోజూ ఉదయం ఒకసారి, కారు ఆపాక ఒకసారి కార్పెట్ తడిమి చూసి, ఆ రోజు వాన పడిందా, ఏసీ వేశారా, కారు కడిగారా, ఏ వాలులో నిలిపారు అన్నది ఫోనులో రాసుకోండి.

వాన చుక్క లేదు, ఏసీ వేసుకుని తిరిగారు, కార్పెట్ తడిసింది అంటే అనుమానం నేరుగా ఏసీ నీరు బయటికి పోయే డ్రెయిన్ పైపు మీదకు పోతుంది. మలుపు తిరిగినప్పుడు డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు తొణికిన చప్పుడు వినిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. నిలిపి ఉన్న కారు వానలో తడిసినప్పుడు లోపలికి నీళ్లు వస్తే దారి పైనే ఉంది: వైపర్ల కింది తొట్టి, ముందు అద్దం, సన్‌రూఫ్, తలుపు. నిలిపినప్పుడు ఏమీ లేదు, వానలో నడిపినప్పుడే తడుస్తోంది అంటే చక్రం చిమ్మే నీరు కింది నుంచి దూరుతూ ఉండవచ్చు, లేదా ఎదురుగాలి నీటిని అద్దం అంచులోకి నెడుతూ ఉండవచ్చు. ముందు భాగం పల్లంగా ఉండేలా నిలిపినప్పుడే తడుస్తుంటే సన్‌రూఫ్ ముందు గొట్టాలు, వైపర్ల తొట్టి చూడాలి.

విప్పండి, ఆరబెట్టండి

తడి నేల మీద కొత్త చుక్క కనిపించదు. కాబట్టి వెతకడానికి ముందే ఆరబెట్టాలి. పైన కార్పెట్‌ను చేత్తో తడిమి పొడిగా ఉందనుకుంటే పొరపాటే. దాని అడుగున వేలు మందం ఫోమో, నార పరుపో ఉంటుంది. అది లీటర్ల కొద్దీ నీటిని తాగి గుట్టుగా కూర్చుంటుంది.

గడప మీది ప్లాస్టిక్ పట్టీని పైకి లాగితే చాలా కార్లలో క్లిప్పుల నుంచి ఊడి వస్తుంది. పక్కన, తలుపు కీళ్ల దిగువన ఉండే చిన్న ప్యానెల్‌నూ తీయండి. ఇప్పుడు కార్పెట్ అంచు పట్టుకుని పైకి ఎత్తి, కింద చెక్కముక్క పెట్టి నిలబెట్టండి. తువ్వాలు పరిచి మోకాలితో అదిమితే నీళ్లు ఎంత వస్తాయో చూసి ఆశ్చర్యపోతారు. నీటిని కూడా పీల్చే రకం వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఈ పని త్వరగా అవుతుంది.

సీటు తీయాల్సి వస్తే ఒక జాగ్రత్త. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగువో, సీటు బెల్టును బిగించే యంత్రానివో అయి ఉంటాయి. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, కనీసం పది నిమిషాలు ఆగాకే వాటిని ముట్టుకోండి. అవి ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయకండి. కొన్ని మోడళ్లలో సీటు కిందో కార్పెట్ కిందో ఎలక్ట్రానిక్ కంట్రోల్ డబ్బాలు కూడా ఉంటాయి. అవి తడిశాయని తెలిస్తే పూర్తిగా ఆరేవరకు బ్యాటరీ కలపకపోవడమే మేలు.

ఇనుప రేకు బయటపడ్డాక టార్చి వేసి పరిశీలించండి. ఎండిన నీటి చారలు, సన్నటి మట్టిగీత, ఒకవైపు నుంచి మొదలైన తుప్పు మరక, వీటిలో ఏదో ఒకటి నీరు వచ్చిన వైపును చెబుతుంది. ఆ వైపు రేకు మీద టాల్కం పౌడరు పలచగా చల్లి ఉంచండి. తర్వాత చుక్క దిగితే పౌడరులో సన్నటి కాలువ కట్టి ఉంటుంది.

ఏసీ డ్రెయిన్ పైపు

గ్లవ్‌బాక్స్ వెనకాల, డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ ఉంటుంది. తేమగాలి దాన్ని తాకగానే నీరుగా మారి కింది పళ్లెంలోకి కారుతుంది. అక్కడి నుంచి ఒక చిన్న రబ్బరు గొట్టం ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడను దాటి నీటిని కారు కిందకు వదులుతుంది. ఆ గోడనే ఫైర్‌వాల్ అంటారు. దుమ్ము, నాచు, పురుగుల గూళ్లు చేరి ఆ గొట్టం మూసుకుపోతే పళ్లెం నిండి నీరు లోపలికే పొంగుతుంది.

పరీక్ష తేలిక. కారును చదునైన చోట నిలిపి, ఇంజన్ నడుపుతూ ఏసీ పూర్తి చల్లదనంలో 20 నిమిషాలు ఉంచండి. మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఈ పని చేయకండి, పొగ ప్రాణాంతకం. తర్వాత కారు కింద ఫైర్‌వాల్ సూటిలో నేల మీద చూడండి. గాలిలో తేమ బాగా ఉన్న రోజున అక్కడ చుక్కలు టపటపా పడి చిన్న మడుగు కట్టాలి. నేల పొడిగా ఉండి లోపల కార్పెట్ చల్లగా తడిసిందంటే దొంగ దొరికినట్టే. గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో చుక్క పడకపోవడం సహజం, అప్పుడు చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోకండి.

గొట్టం చివర కొన్ని కార్లలో బానెట్ ఎత్తితేనే కనిపిస్తుంది, కొన్నిటిలో కింది నుంచి చూడాలి. కింద దూరాల్సి వస్తే కారును స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్ముకుని కింద పడుకోకూడదు. మెత్తని నైలాన్ తీగను గొట్టంలోకి కొద్దికొద్దిగా తోస్తూ తిప్పండి. బలంగా, లోతుగా పొడిస్తే కాయిల్ పలచటి అల్యూమినియం దెబ్బతినవచ్చు. అడ్డు తొలగగానే నల్లటి, కంపుకొట్టే నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి, మొహం పక్కకు పెట్టుకోండి. కంప్రెసర్ గాలితో ఊదమని చాలామంది చెబుతారు. గాలి జోరెక్కువైతే గొట్టం లోపలివైపు పళ్లెం నుంచి ఊడిపోతుంది, అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు. ఊదాల్సి వస్తే నోటితో ఊదినంత జోరుకు మించనివ్వకండి.

గొట్టం శుభ్రంగా ఉన్నా నీరు లోపలికే వస్తుంటే, ఆ గొట్టమే ఫైర్‌వాల్ రంధ్రం నుంచి జారి కార్పెట్ వెనకాలే కారుతోందేమో చేత్తో తడిమి చూడండి. లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా చిక్కే. గాలి సరిగ్గా ఆడక కాయిల్ మీద మంచు కట్టి, అది కరిగేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ నీరు దిగుతుంది.

వైపర్ల కింది తొట్టి

చెట్టు కింద కారు నిలిపే అలవాటున్నవారు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. బానెట్ ఎత్తితే ముందు అద్దం అడుగున చిల్లుల ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. దాని కింద ఇనుప తొట్టి, రెండు కొసలా నీరు పోయే రంధ్రాలు ఉంటాయి. అద్దం మీద పడిన వానంతా ఈ తొట్టిలోకే దిగుతుంది. క్యాబిన్‌లోకి గాలి పీల్చుకునే ద్వారం కూడా చాలా కార్లలో ఇక్కడే, డ్రైవరు పక్క సీటు వైపునే ఉంటుంది. ఆకులు కుళ్లి రంధ్రాలు పూడిపోతే తొట్టిలో నీటిమట్టం పెరిగి, ఆ ద్వారం గట్టు దాటి, ఫిల్టర్ మీదుగా, గాలి ఊదే ఫ్యాను అయిన బ్లోయర్ మీదుగా కాళ్ల దగ్గరకు దిగుతుంది.

గ్లవ్‌బాక్స్ వెనకనున్న క్యాబిన్ ఫిల్టర్‌ను బయటికి లాగి చూడండి. కాగితం మడతలు ఉబ్బి, అడుగున మట్టి చార ఉంటే ఇక వేరే సాక్ష్యం అవసరం లేదు. కొన్ని కార్లలో ఫిల్టర్ బానెట్ వైపు నుంచే తీయాల్సి ఉంటుంది. అలాంటి చోట ఫిల్టర్ పెట్టె మూత సరిగ్గా నొక్కకుండా వదిలేసినా, దాని రబ్బరు మడతపడినా ఇదే ఫలితం. సర్వీసు నుంచి వచ్చిన వెంటనే లీకు మొదలైతే ఆ మూతను మొదట అనుమానించండి.

తొట్టిలోని ఆకులను చేత్తో ఏరేయండి. నీళ్లు కొట్టి తోసేస్తే అవన్నీ పోయి రంధ్రంలోనే ఇరుక్కుంటాయి. రంధ్రం అడుగున బాతు ముక్కులా రెండు పెదవులతో ముడుచుకున్న రబ్బరు మూత ఉండవచ్చు. సన్నటి మట్టి పేరుకునేది దాని లోపలే. వేళ్లతో నలిపి వదిలితే ముద్దగా రాలుతుంది. ఒక చెంబెడు నీళ్లు తొట్టి కొసన పోయండి. వెంటనే కారు కింద కారాలి. మెల్లగా దిగుతోందంటే ఇంకా అడ్డం మిగిలి ఉంది.

పైపుతో పరీక్ష

ఇంతవరకు ఏదీ తేలకపోతే నీళ్లు పట్టక తప్పదు. దీనికి ఒక వరుస ఉంది.

1. రేకును పొడిగా తుడిచి, అనుమానమున్న చోట్ల టిష్యూలు అంటించండి. లోపలి మనిషికి టార్చి ఇచ్చి తలుపులు మూయండి.

2. పైపు కొసకు నాజిల్ పెట్టకండి. నీరు మెల్లగా, ధారగా పడాలి. కార్లు కడిగే అధిక పీడన యంత్రం అసలు వద్దు. అది బాగున్న రబ్బరు సందుల్లోంచి కూడా నీటిని లోపలికి తోసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

3. కింది నుంచి పైకి రండి: చక్రం గూడు, గడప, తలుపు కింది అంచు, తలుపు అద్దం, వైపర్ల తొట్టి, ముందు అద్దం కింది అంచు, పక్క అంచు, పై అంచు, చివరగా పైకప్పు. మొదటే పైకప్పు మీద పోస్తే నీరు అన్ని చోట్లా పారుతుంది, ఏ సందు తప్పు చేసిందో చెప్పలేరు.

4. ఒక్కో చోట ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. నీరు లోపలి బోలు భాగాలను నింపి బయటపడటానికి సమయం పడుతుంది. ఇక్కడ తొందరపడ్డవారే ఎక్కువగా విఫలమవుతారు.

5. లోపలి మనిషి చుక్క అనగానే పైపు ఆపి, ఆ చోటును టేపుతో గుర్తు పెట్టండి. అంతా తుడిచి అదే చోట మళ్లీ పట్టండి. రెండోసారీ వస్తేనే నమ్మండి.

చుక్క కనిపించినప్పుడు లోపలి మనిషి చూపు దాని పైకి, ఇంకా పైకి పోవాలి. నీరు తీగల కట్టను పట్టుకుని చాలా దూరం ప్రయాణిస్తుంది. తీగ ఎక్కడ కిందకు వంగిందో అక్కడ రాలుతుంది.

తలుపు లోపలి షీటు

తలుపు అద్దం పక్కన జారే వాననీరు తలుపు బోలులోకి దిగుతుంది. అది లోపం కాదు, తలుపును తయారుచేసిందే అలా. లోపల జారిన నీరు తలుపు అడుగున ఉండే చిన్న చిల్లుల్లోంచి బయటికి పోతుంది. క్యాబిన్ వైపు రాకుండా, తలుపు ప్యాడ్ వెనకాల ఒక ప్లాస్టిక్ లేదా ఫోమ్ షీటును నల్లటి జిగురుతో చుట్టూ అంటిస్తారు. ఆ జిగురు పేరు బ్యూటైల్. స్పీకరు మార్చడానికో, అద్దం మోటారు బాగుచేయడానికో ఎవరైనా ఈ షీటును పీకి, సరిగ్గా అంటించకుండా ప్యాడ్ బిగించేస్తే లీకు మొదలవుతుంది. చించి పక్కకు నెట్టేసిన షీట్లూ తక్కువేమీ కాదు.

ఈ లీకుకు ఒక స్పష్టమైన గుర్తు ఉంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ పొడిగా ఉంటుంది, ప్యాడ్ కింది అంచు మాత్రం తడిగా ఉండి, గడప పక్కన కార్పెట్ అంచు నానుతుంది. తలుపు తీసేటప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే అడుగు చిల్లులు పూడాయన్నమాట, పుల్లతో పొడిచి తెరవండి.

ప్యాడ్ విప్పి, షీటు కనిపించేలా ఉంచి, బయటి నుంచి అద్దం మీద నీళ్లు పట్టండి. షీటు కింది మూలల్ని దగ్గరగా చూడండి. జిగురు వదిలిన చోట మొదట ఒక తడి గీత మెరుస్తుంది, కాసేపటికి గీత చివర చుక్క ఉబ్బుతుంది, ఉబ్బి ప్యాడ్ వైపు జారుతుంది. ఆ అంచును స్పిరిట్‌తో తుడిచి, పాత జిగురు గీకి, కొత్త బ్యూటైల్ టేపు పెట్టి బొటనవేలితో పొడవునా నొక్కండి. ఇక్కడ సిలికాన్ వాడకండి. వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్ ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పైగా తర్వాత ప్యాడ్ విప్పేవారు మిమ్మల్ని తిట్టుకుంటారు.

రబ్బరు బీడింగ్ మీద అనుమానం ఉంటే సన్నటి కాగితం ముక్కను తలుపుకూ బీడింగ్‌కూ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. చుట్టూ ఇలాగే చూస్తూ పోండి. ఒకే రకమైన బిగువు తగలాలి. వదులుగా జారిన చోట నీరు దూరే వీలుంది.

సన్‌రూఫ్, ముందు అద్దం

సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలువలోకి కొంత నీరు దిగడం మామూలే. మూలల్లోని గొట్టాలు ఆ నీటిని పైకప్పును మోసే స్తంభాల లోపలి నుంచి కిందకు పంపుతాయి. ముందు మూలలో అర గ్లాసు నీళ్లు పోసి, కారు కిందకు కారుతున్నాయో లేదో చూడండి. రాకపోతే మెత్తని నైలాన్ తీగతోనే పని, గాలి కొట్టడం ఇక్కడా వద్దు. పైకప్పు గుడ్డ అంచున, ముందు స్తంభం పక్కన మరక ఉంటే ఈ గొట్టం మీద అనుమానం ఎక్కువ.

ముందు అద్దం ఇటీవల మార్పించారా? అయితే జిగురు తెగిన చోటు ఉండవచ్చు. బ్లోయర్‌ను బయటి గాలి మీద పెట్టి పూర్తి వేగంతో తిప్పండి, తలుపులూ కిటికీలూ మూసేయండి. బయట అద్దం అంచు వెంట సబ్బునీళ్లు పూయండి. లోపలి గాలి తప్పించుకునే చోట బుడగలు లేస్తాయి. తప్పు తేలితే అద్దం తీసి మళ్లీ అంటించాల్సిందే, అది నిపుణుల పని. ప్రమాదంలో కారుకు బలమిచ్చే భాగాల్లో ఆ జిగురూ ఒకటి.

కింది నుంచి వచ్చే నీరు

కార్పెట్ ఎత్తినప్పుడు రేకులో గుండ్రటి రబ్బరు బిరడాలు కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్ని వేలితో నొక్కండి, కదిలితే మార్చండి. ఫైర్‌వాల్‌లో తీగలు దాటే చోట ఉండే రబ్బరు గ్రొమెట్లు కూడా చూడాలి. కొత్త హారన్‌కో లైట్లకో తీగ లాగినవారు గ్రొమెట్ పొడిచి వదిలేసి ఉండవచ్చు. ఇంతకుముందు ఢీకొని రేకు పని చేయించిన కారైతే, చక్రం గూడు లైనర్ తీసి రేకుల అతుకుల మీది సీలెంట్ పగిలిందేమో చూడండి.

హీటర్ నుంచి కూలెంట్

జిగట ద్రవం తేలినవారికి వెతకాల్సింది పెద్దగా లేదు. వేడి కూలెంట్ పారుతూ క్యాబిన్ గాలిని వేడెక్కించే భాగం డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది, పేరు హీటర్ కోర్. అది గానీ, దాని గొట్టాల అతుకు గానీ కారుతోంది. హీటర్ వేయగానే ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచు పట్టడం, కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గుతుండటం దీనికి తోడు గుర్తులు. ఇంజన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత తెరవకండి, ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. మట్టం పడిపోయిన కారును నడిపితే ఇంజన్‌కే ముప్పు. కాబట్టి మెకానిక్ చేత పీడన పరీక్ష చేయించి ఆ భాగం మార్పించండి. లీకును లోపలి నుంచి మూసేస్తామనే పొడులు, ద్రవాలు వేయడం నాకు ఇష్టం లేదు. అవి హీటర్ సన్నటి దారులను కూడా మూసేయగలవు.

మూసేసే ముందు

మరమ్మతు అయ్యాక అదే చోట అదే పైపుతో అంతసేపే నీళ్లు పట్టండి. పొడిగా నిలిస్తేనే అది మరమ్మతు.

ఇక మిగిలింది ఫోమ్. తడి బట్టలో బూజు పుట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. ఆ వాసన ఒకసారి పట్టిందంటే ఏ అత్తరూ దాన్ని దాచలేదు. కార్పెట్‌ను వీలైతే బయటికి తీసి, ఫోమ్ పైకి కనిపించేలా తిప్పి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. బయటికి రాకపోతే కింద చెక్కలు పెట్టి, మధ్యలోకి ఫ్యాను తిప్పండి. తేమ లాగే యంత్రం దొరికితే కారు మూసి లోపల నడపండి. కూలెంట్ పీల్చిన ఫోమ్ అయితే ఉత్తి ఆరబెట్టడం చాలదు, సబ్బునీటితో కడగాలి లేదా మార్చాలి. రేకు మీద తుప్పు మొదలై ఉంటే గీకి, ప్రైమరు, రంగు వేసే అవకాశం ఇప్పుడే.

ప్యానెళ్లన్నీ వెంటనే బిగించేయకండి. కార్పెట్ కింద రేకు మీద రెండు మూడు టిష్యూలు పరిచి, గడప పట్టీని వదులుగా పెట్టి, ఒక మంచి వాన వెళ్లేవరకు, ఏసీ బాగా వాడిన రోజొకటి గడిచేవరకు అలాగే నడపండి. టిష్యూలు పొడిగా, ముడత పడకుండా ఉంటే తీసేసి క్లిప్పులు నొక్కేయండి. ఒక టిష్యూ తడిస్తే, తడిసింది ఏదో చూసి ఆ వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఒకే కారులో రెండు లీకులు ఉండటం అరుదేమీ కాదు.